విశాఖలో చవగ్గా వచ్చే ఆస్తి: అమ్మేవాడి అవసరమా, ఆస్తిలో లొసుగా?

మధురవాడలో రెండు పడగ్గదుల ఫ్లాటు, చుట్టుపక్కల రేటు కన్నా 12 లక్షలు తక్కువ, ఓనరు అమెరికాలో ఉన్నాడు, అర్జెంటుగా అమ్మేస్తున్నాడు అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. అదే వారం పేపర్లో ఒక పేజీ నిండా బ్యాంకు వేలం ప్రకటన పడుతుంది. ఆనందపురం అవతల గజం సగం రేటుకే ఉంది, రెండు రోజుల్లో తేల్చేయాలి అని ఇంకో బ్రోకరు ఫోను చేస్తాడు. మూడూ చవకే, అందులో అబద్ధం లేదు. కాకపోతే మూడూ చవగ్గా రావడానికి కారణాలు వేరు. ఆ కారణం పట్టుకోకుండా రేటు ఒక్కటే చూసి దిగినవాళ్లు తర్వాత లాయర్ల ఆఫీసుల చుట్టూ తిరుగుతూ కనిపిస్తారు.

ఆస్తి ధర మార్కెట్ కన్నా తగ్గడానికి ప్రధానంగా రెండు కారణాలుంటాయి. ఒకటి అమ్మేవాడి అవసరం. అప్పు, పెళ్లి, వైద్యం, విదేశంలో స్థిరపడటం, అన్నదమ్ముల పంపకం, బ్యాంకు వసూలు, ఇలాంటివి. రెండోది ఆస్తిలోనే ఉన్న లొసుగు: టైటిల్ సరిగ్గా లేకపోవడం, ప్లాను లేకుండా కట్టడం, నిషేధిత జాబితాలో ఉండటం, దారి లేకపోవడం. మొదటి రకంలో ఇబ్బంది అమ్మేవాడితోనే పోతుంది, తగ్గిన రేటు మాత్రం కొన్నవాడికి మిగులుతుంది. రెండో రకంలో లొసుగు కూడా రిజిస్ట్రేషన్‌తో పాటే చేతులు మారుతుంది, రేపు అమ్మబోతే వచ్చేవాడు కూడా అదే తగ్గింపు అడుగుతాడు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే అడుగుతాడు. పెట్టుబడి కోసం కొనేవాడికి ఈ తేడానే మొత్తం వ్యాపారం. చిక్కేమిటంటే రెండో రకం ఆస్తిని కూడా మొదటి రకం కథతోనే అమ్ముతారు. ఓనరు అమెరికాలో ఉండటం నిజమే కావచ్చు, కానీ ఎనిమిదేళ్లుగా ఎందుకు అమ్ముడుపోలేదన్నది ఎవరూ చెప్పరు.

దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. తగ్గింపు అంటే ఏ రేటు మీద తగ్గింపు? విశాఖలో ఈ ప్రశ్నకి జవాబు అంత తేలిక కాదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే రేటు వార్తలతో పాటు పెరుగుతుంది, వార్త చల్లారినా దిగదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, 2020 జనవరిలో అసెంబ్లీలో బిల్లు పాసయింది, 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. పరిపాలనా రాజధాని వస్తుందని భీమిలి రోడ్డు పొడవునా చెప్పిన రేట్లు మాత్రం చాలామంది అమ్మేవాళ్ల నోట్లో అలాగే ఉండిపోయాయి. తర్వాత భోగాపురం ఎయిర్‌పోర్టు పనులు, రైల్వే జోన్, 2025లో టీసీఎస్‌కి రుషికొండ దగ్గర ఎకరం 99 పైసలకి ఇవ్వడం, అదే ఏడాది అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన, ఒక్కోదానికీ ఒక్కో మెట్టు ఎక్కింది. అలా ఎక్కిన రేటులోంచి ఇరవై శాతం తగ్గిస్తున్నాం అంటే అది తగ్గింపు కాదు, వార్తకి ముందున్న రేటుకి దగ్గరగా వచ్చారంతే.

కాబట్టి మూడు రేట్లు వేరువేరుగా చూడాలి. బ్రోకరు చెప్పే రేటు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండే ప్రభుత్వ విలువ, నిజంగా డబ్బు చేతులు మారిన రేటు. మొదటిది ఆశ. రెండోది స్టాంపు డ్యూటీ లెక్క కోసం, దాన్ని 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు కూడా. మూడోదే కావాల్సింది, దొరకనిది కూడా అదే, ఎందుకంటే దస్తావేజులో రాసిన మొత్తం వేరు, ఇచ్చిన మొత్తం వేరు అన్న అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. అయినా దారులున్నాయి. అదే అపార్ట్‌మెంట్లో గత రెండేళ్లలో లోన్ మీద కొన్నవాళ్లని అడిగితే బ్యాంకు వాల్యుయేషన్ ఎంత వచ్చిందో చెప్తారు, బ్యాంకు వాల్యూయర్ ఆశతో రాయడు కాబట్టి ఆ అంకె కాస్త నమ్మొచ్చు. అసోసియేషన్ సెక్రటరీకి ఏ ఫ్లాటు ఎంతకి పోయిందో తెలుస్తుంది. వాచ్‌మన్‌కి ఇంకా బాగా తెలుస్తుంది.

అద్దె కూడా ఒక కొలత. 58 లక్షల ఫ్లాటుకి నెలకి 15 వేలు అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 1.8 లక్షలు, అంటే మూడు శాతం పైచిలుకు. అందులోంచి ఇంటి పన్ను, రిపేర్లు, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే మిగిలేది ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి కూడా చాలదు. అద్దె కోసం ఫ్లాటు కొనడం పెట్టుబడిగా గిట్టుబాటు కాదని ఈ లెక్కే చెప్తుంది. లాభం ఉంటే గింటే కొన్న రేటులోనే ఉండాలి, అందుకే బేరం దగ్గర ఇంత తంటా.

ఇక బ్యాంకు వేలం. అమ్మేవాడి అవసరం అన్న కోవలో అన్నిటికన్నా పద్ధతిగా నడిచేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ప్రకారం అప్పు మొండి బాకీ అయ్యాక బ్యాంకు ముందు 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకుంటుంది, తర్వాత వాల్యుయేషన్ చేయించి, రిజర్వు ధర పెట్టి, పేపర్లలో ప్రకటన ఇచ్చి ఈ-వేలం వేస్తుంది. మొదటిసారి వేలానికి కనీసం 30 రోజుల నోటీసు ఉండాలి, ఎవరూ రాక మళ్లీ వేస్తే 15 రోజులు చాలు. వ్యవసాయ భూమిని ఈ చట్టం కింద వేలం వేయకూడదు, కాబట్టి సబ్బవరం వైపో పద్మనాభం వైపో పొలం ఇలా వేలానికి వచ్చిందంటే ఆ భూమి వ్యవసాయేతరంగా మారిందా లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. ప్రభుత్వ బ్యాంకుల వేలాలన్నీ ఒకేచోట కనిపించేలా బ్యాంక్‌నెట్ అనే పోర్టల్ 2025 జనవరిలో కొత్త రూపంలో వచ్చింది, జిల్లా పెట్టి వెతికితే విశాఖవి వరసగా వస్తాయి.

ఆ ప్రకటన చదవడం ఒక విద్య. అందులో పెద్ద అక్షరాల్లో ఉండే రిజర్వు ధర కన్నా చిన్న అక్షరాల్లో ఉండే రెండు ముక్కలే ముఖ్యం. మొదటిది, ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా, ఏది ఉన్నదో అది అన్న ప్రాతిపదికన అమ్ముతున్నాం అన్న వాక్యం. కరెంటు బకాయి, ఇంటి పన్ను, అసోసియేషన్ బాకీ, లోపల కూర్చున్న అద్దెదారు, గోడ పగులు, అన్నీ కొన్నవాడివే అని దాని అర్థం. బ్యాంకుకి తెలిసిన బాకీలు ప్రకటనలో రాస్తారు, తెలియనివి రాయరు, తెలుసుకోవాల్సిన బాధ్యత మాత్రం కొనేవాడి మీదే పెడతారు. కరెంటు బకాయి పాత ఓనరుది కదా నాకేంటి అనడానికీ వీల్లేదు. కరెంటు సరఫరా సంస్థ (డిస్కం) నిబంధనల్లో ఉంటే ఆ బకాయి తీర్చాకే కొత్త కనెక్షన్ ఇస్తామనొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే వేలానికి ముందే సర్వీసు నంబరు పట్టుకుని విశాఖ డిస్కం అయిన ఈపీడీసీఎల్‌లో బకాయి చూసుకోవాలి, పది నిమిషాల పని.

రెండో ముక్క స్వాధీనం గురించి. సింబాలిక్ అని ఉందా, ఫిజికల్ అని ఉందా? సింబాలిక్ అంటే గోడకి నోటీసు అంటించారు, లోపల మనుషులు అలాగే ఉన్నారు. ఫిజికల్ అంటే తాళం బ్యాంకు దగ్గర ఉంది. సింబాలిక్ స్వాధీనంలో ఉన్నదాన్ని కొంటే ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించే పని బ్యాంకు సెక్షన్ 14 కింద మేజిస్ట్రేట్ ఆర్డరు తెచ్చుకుని చేయించాలి. చట్టంలో దానికి 30 రోజులు, కారణాలు రాసి మొత్తం 60 రోజుల దాకా అని ఉంది. అసలు నడిచేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా డబ్బంతా ముట్టాక బ్యాంకుకి ఆ తొందర ఎందుకుంటుంది?

డబ్బు కట్టే గడువులు కూడా కఠినం. సాధారణంగా రిజర్వు ధరలో 10 శాతం ధరావతు ముందే కట్టి వేలంలోకి దిగాలి. గెలిస్తే అదే రోజు, లేదా ఆ తర్వాత బ్యాంకు పనిచేసే మొదటి రోజు ముగిసేలోగా, పాడిన మొత్తంలో 25 శాతం కట్టాలి, ధరావతు అందులో కలుస్తుంది. మిగతా 75 శాతం వేలం ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించుకోవచ్చు, అంతకు మించి కుదరదు. కట్టలేకపోతే కట్టిన 25 శాతం పోతుంది. బ్యాంకు ఇలా జప్తు చేసుకోవడం సరైనదేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చేసింది కూడా. ఇంకో బ్యాంకులో లోన్ తీసి కట్టేద్దాంలే అనుకుని దిగడం ఇక్కడ జూదమే, ఆ లోన్ ఇచ్చే బ్యాంకు లీగల్ ఒపీనియన్‌కే రెండు వారాలు తీసుకుంటుంది.

ఇప్పుడు అంకెల్లో పెట్టి చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే, కానీ వేలాల్లో కనిపించే పొంతన ఇలాగే ఉంటుంది. మధురవాడలో ఒక ఫ్లాటు, బయట నిజంగా అమ్ముడుపోయే రేటు 58 లక్షలు. రిజర్వు ధర 44 లక్షలు పెట్టారు, 46కి పాట నిలిచింది. పైకి 12 లక్షల లాభం. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే 3.45 లక్షలు. ఐదేళ్లుగా నెలకి 2,500 చొప్పున కట్టని మెయింటెనెన్స్ లక్షన్నర, అసోసియేషన్ వాళ్లు అది తేలేదాకా లిఫ్టు దగ్గరే ఆపి మాట్లాడతారు. ఇంటి పన్ను, కరెంటు బకాయి కలిపి 60 వేలు. రిపేర్లు 4 లక్షలు. ఈ ఊళ్లో ఉప్పుగాలికి మూడేళ్లు పట్టించుకోని ఫ్లాటు లోపల గ్రిల్స్ పొరలు పొరలుగా లేచిపోతాయి, స్విచ్‌బోర్డుల వెనక తీగలు ఆకుపచ్చగా మారతాయి, తలుపులు ఉబ్బి చట్రంలో ఇరుక్కుంటాయి, తూర్పు గోడ తెల్లగా బూజు పడుతుంది. అది సముద్రానికి ఎంత దగ్గరుంటే అంత. ఖాళీ చేయించడానికి 14 నెలలు పట్టిందనుకుంటే, 46 లక్షల మీద తొమ్మిది శాతం వడ్డీ 4.83 లక్షలు. లాయరు 75 వేలు.

కలిపితే 61.13 లక్షలు. అదే ఫ్లాటు మామూలుగా 58కి కొని 7.5 శాతం రిజిస్ట్రేషన్‌కి పెట్టి ఉంటే 62.35 అయ్యేది. అంటే 12 లక్షలనుకున్న తగ్గింపులో చేతికి మిగిలింది లక్షా ఇరవై రెండు వేలు, దానికి ఏడాది పైన టెన్షన్ అదనం. అదే ఫ్లాటు ఫిజికల్ స్వాధీనంలో ఉండి ఉంటే వడ్డీ, లాయరు ఖర్చు 5.58 లక్షలు తప్పేది, మిగులు 6.8 లక్షలయ్యేది. రేటు అదే, పాట అదే, ప్రకటనలో ఉన్న ఒక్క పదం తేడా. సింబాలిక్ అని ఉన్నదానికి పాడొద్దని కాదు, ఆ పద్నాలుగు నెలల ఖర్చు ముందే తీసేసి పాడాలి, ఈ లెక్క ప్రకారం అది 40 దాటకూడదు. రిజర్వు ధరే 44 ఉంటే వదిలేయడమే. ఎవరూ రాకపోతే బ్యాంకు తర్వాతి వేలంలో రిజర్వు తగ్గిస్తుంది. రెండు మూడు సార్లు తిరిగి వచ్చిన ఆస్తిని వెతికి పట్టుకోవడం ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు చేసే పనే, కాకపోతే ఎందుకు తిరిగొచ్చిందో కూడా వాళ్లు కనుక్కుంటారు.

అప్పు తీసుకున్నవాడు చివరి నిమిషంలో డబ్బు కట్టి ఆస్తి వెనక్కి తీసుకుంటాడేమో అన్న భయం చాలామందిలో ఉంది. 2016 సవరణ తర్వాత ఆ హక్కు వేలం ప్రకటన వెలువడే దాకానే. 2023 సెప్టెంబరులో సెలిర్ వర్సెస్ బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. ఇది కొనేవాళ్లకి ఊరట. కానీ నోటీసులు సరిగ్గా ఇవ్వలేదనో, వాల్యుయేషన్ తక్కువ వేశారనో 45 రోజుల్లోగా అప్పుల వసూలు ట్రైబ్యునల్‌కి (డీఆర్‌టీ) వెళ్లే హక్కు అప్పుదారుకి ఉంది. డీఆర్‌టీ విశాఖలోనే ఉంది కాబట్టి వెళ్లడం తేలిక, పైగా అక్కడికి వెళ్లడానికి బాకీలో ఇంత కట్టాలన్న షరతు లేదు. ఆ తీర్పు మీద అప్పీలు కోల్‌కతాలోని అప్పీలు ట్రైబ్యునల్‌కి పోతుంది, అక్కడ మాత్రం బాకీలో సగం, ట్రైబ్యునల్ దయతలిస్తే పావు వంతు, ముందు డిపాజిట్ చేయాలి. అందువల్ల అసలు పోట్లాటంతా విశాఖలోనే జరుగుతుంది. పాడే ముందు ఆస్తి మీద డీఆర్‌టీలో కేసు ఉందేమో అప్పుదారు పేరుతో చూసుకోవడం, వేలం నడిపే బ్యాంకు అధికారిని (అథరైజ్డ్ ఆఫీసర్) లిఖితపూర్వకంగా అడగడం తప్పనిసరి. నోటిమాటగా చెప్పిన ఏ కేసూ లేదండీ అన్న మాటకి విలువ లేదు.

అద్దెదారు సంగతి వేరు. తనఖాకి ముందే రిజిస్టరైన లీజు ఉంటే దాన్ని గౌరవించాల్సిందే. డిమాండ్ నోటీసు వచ్చాక బ్యాంకుకి తెలియకుండా రాసుకున్న లీజుకి బలం లేదు. నోటిమాట అద్దెదారులు మధ్యలో ఉంటారు, వాళ్లతో చాలా చోట్ల జరిగేది ఒకటే: రెండు మూడు నెలల అద్దె చేతిలో పెట్టి, బండి ఖర్చు భరించి, పెద్దమనుషుల ముందు మాట్లాడుకోవడం. అది కోర్టు కన్నా చవక. లోపల ఉన్నది అప్పుదారు కుటుంబమే అయితే ఆ మాటలు ఇంకోలా ఉంటాయి, ఇల్లు పోగొట్టుకుంటున్న మనిషితో బేరం అది. దాన్ని వ్యాపారం అని సరిపెట్టుకోలేనివాళ్లు ఫిజికల్ స్వాధీనం ఉన్నవే చూసుకోవడం మంచిది, అందులో తప్పేం లేదు.

ఇక రెండో రకం, లొసుగు ఉన్న ఆస్తి. విశాఖలో దీనికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. అసైన్డ్ భూములు మొదటిది. పేదలకి, మాజీ సైనికులకి, స్వాతంత్ర్య సమరయోధులకి ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా భూములు ఆనందపురం, భీమిలి, పద్మనాభం వైపు విరివిగా ఉన్నాయి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం 1977 చట్టం ప్రకారం చెల్లదు, కొన్నవాడికి ఏ హక్కూ రాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. మాజీ సైనికుల భూములకి నిబంధనలు వేరు, అక్కడ పదేళ్ల గడువు, నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) అంటూ ఇంకో కథ. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకి అసలు లబ్ధిదారులకి పూర్తి హక్కులు (ఫ్రీహోల్డ్) ఇస్తామన్నారు, ఆ మాట బయటికి పొక్కగానే కొనుగోళ్లు మొదలయ్యాయి. 2024లో ప్రభుత్వం మారి ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేసి పరిశీలన పెట్టింది. సగం రేటుకి గజం అన్న ఫోన్లలో కొన్ని ఇలా ఇరుక్కుపోయిన భూములవే. 2017లో విశాఖ భూరికార్డుల తారుమారు మీద సిట్ వేశారు, 2019లో ప్రభుత్వం మారాక ఇంకో సిట్. ఒకే జిల్లా భూముల మీద రెండు ప్రభుత్వాలు రెండు సిట్‌లు వేశాయంటే ఇక్కడ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన నిద్రపోకూడదని అర్థం. ఆన్‌లైన్ అడంగల్ ఒక్కటే చూసి తృప్తిపడకుండా పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (ఆర్‌ఎస్‌ఆర్) ఆ సర్వే నంబరు ఏమని రాసి ఉందో, ప్రభుత్వ భూమా, జిరాయితీయా (ప్రైవేటు పట్టా భూమా) అన్నది చూడాలంటారు పాత లాయర్లు. అదే అసలు పునాది.

రెండోది పంచగ్రామాల సమస్య. సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో ఉన్న అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. 1996లో దేవస్థానం పేర ఇచ్చిన పట్టాతో మొదలై ఇన్నేళ్లుగా ప్రభుత్వాల దగ్గర, కోర్టుల్లో నలుగుతోంది. అక్కడ దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని బతుకుతున్న వేల కుటుంబాలున్నాయి, కరెంటు ఉంది, ఇంటి పన్ను రసీదు ఉంది, రోడ్డు ఉంది, రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసి చేతులు మారుస్తారు, రేటు పక్కనే ఉన్న గోపాలపట్నం కన్నా బాగా తక్కువ. ఇదిగో ఈసారి తేలిపోతుంది అన్న మాట ప్రతి ఎన్నికల ముందూ వినిపిస్తుంది. ఉండటానికి కొనేవాడు తన రిస్కు తను తీసుకుంటాడు, దానికి అర్థముంది. పెట్టుబడిగా అయితే ఇది ఆస్తి కాదు, ప్రభుత్వ నిర్ణయం మీద పందెం. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదన్న సంగతి ఇంకా చాలామందికి ఎక్కలేదు, అమ్మేవాళ్లు మొదట చూపించే కాగితం అదే మరి.

ఈ రెండూ రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో, అంటే 22ఏ జాబితాలో, చాలావరకు దొరికిపోతాయి. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో సర్వే నంబరు కొట్టి చూసుకోవచ్చు. అయితే జాబితాలో లేదు కాబట్టి శుభ్రం అనుకోవడం, జాబితాలో ఉంది కాబట్టి పనికిరాదు అనుకోవడం, రెండూ తొందరపాటే. ఒక సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వ భూమైతే మొత్తం నంబరు ఎక్కించేసిన సందర్భాలున్నాయి. అలాంటిదాన్ని తీయించగలిగే ఓపిక, సబ్‌డివిజన్ స్కెచ్, లింకు డాక్యుమెంట్లు వరసగా ఉన్నవాడికి అది నిజంగా చవక బేరమే. నిపుణులు డబ్బు చేసుకునేది ఇక్కడే, మిగతావాళ్లు పోగొట్టుకునేదీ ఇక్కడే.

కుటుంబ ఆస్తుల్లో వాటాలు ఇంకో కోవ. నలుగురు అన్నదమ్ముల ఇంట్లో ఒకడు విసిగిపోయి తన పావు వాటా చవగ్గా అమ్ముతానంటాడు. అమ్మే హక్కు అతనికి ఉండొచ్చు, కానీ అవిభక్త కుటుంబం ఉంటున్న ఇంట్లో వాటా కొన్న బయటివాడికి వాళ్లతో కలిసి ఉండే హక్కు రాదు, పార్టిషన్ దావా వేసుకోవాల్సిందే, ఆ దావాలో ఆ వాటాను కోర్టు కట్టిన విలువకి మేమే కొనుక్కుంటాం అని మిగతా సభ్యులు అడగొచ్చు. ఇక ఆడపడుచుల సంతకం. 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో (అప్పటికి పెళ్లికానివాళ్లకి), 2005 నుంచి దేశమంతా హిందూ కుటుంబాల్లో ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన వాటా ఉంది. మా చెల్లికి కట్నం ఇచ్చేశాం, ఆవిడకి ఏమీ రాదు అని ధీమాగా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆవిడ సంతకం లేని రిజిస్ట్రేషన్ ఎంత చవగ్గా వచ్చినా ఖరీదైనదే. అదే, అందరూ ఒప్పుకుని, పంపకం కుదరక అమ్మేసి డబ్బు పంచుకుందామన్న ఇల్లు దొరికితే అది మంచి బేరాల్లో ఒకటి. అందరికీ వాటా త్వరగా కావాలి, ఎవరికీ ఇంటి మీద మమకారం మిగల్లేదు, సంతకాలన్నీ ఒకే రోజు ఒకే బల్ల మీద పడతాయి.

ఫ్లాట్లలో లొసుగు వేరేలా ఉంటుంది. ప్లానులో నాలుగు అంతస్తులు, పైన ఇంకోటి లేచింది, ఆ పైదాన్ని పెంట్‌హౌస్ అని పేరు పెట్టి తక్కువకి అమ్ముతారు. బ్యాంకు లోన్ రాదు, కాబట్టి చేతిలో మొత్తం డబ్బున్నవాడే కొనాలి, అలాంటివాళ్లు తక్కువమంది, అందుకే చవక. రేపు అమ్మినా అదే తక్కువమందికి అమ్మాలి. అనుమతి లేని కట్టడాలకి జరిమానా కట్టించుకునే బీపీఎస్ పథకం కింద క్రమబద్ధం చేయించుకోవచ్చని చెప్తారు. దానికి ఆ అంతస్తు అర్హమో కాదో తెలియకుండా ఆ ఆశకి డబ్బు కట్టకూడదు. ప్రీ-లాంచ్ పేరుతో ముందే మొత్తం కట్టేస్తే అడుగు రేటు సగం అనే బేరాలు కూడా చవక ఆస్తిలా కనిపిస్తాయి, నిజానికి అది బిల్డరుకి వడ్డీ లేని అప్పు, పూచీ లేని అప్పు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో రిజిస్టరు కాని ప్రాజెక్టుని, అది రిజిస్టరు చేయాల్సినంత పెద్దదైతే, ప్రచారం చేయడమే తప్పు. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పది శాతం మించి తీసుకోకూడదు కూడా.

లొసుగు కాదు, అమ్మేవాడి అవసరమూ కాదు, భయం వల్ల తగ్గే రేటు కూడా ఒకటుంది. 2021 జనవరిలో స్టీల్ ప్లాంటులో వాటాలన్నీ అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించినప్పుడు కూర్మన్నపాలెం, గాజువాకల్లో ఇల్లు కొనాలనుకున్నవాడు ఆగి ఆలోచించాడు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక లెక్క మళ్లీ మారింది. 2020 మే 7న గ్యాస్ లీకైన ఆర్‌ఆర్ వెంకటాపురం సంగతీ ఇంతే. ఇలాంటి చోట కాగితం శుభ్రంగా ఉండి, భయం తగ్గుతుందన్న నమ్మకానికి సొంత కారణం ఉన్నవాడికి తగ్గింపు నిజమైన తగ్గింపే. ప్లాంటులో పనిచేస్తూ పక్కనే ఉంటున్నవాడికి ఆ విషయం హైదరాబాద్‌లో కూర్చున్నవాడికన్నా బాగా తెలుస్తుంది.

చివరగా పన్ను, ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. ప్రభుత్వ విలువ కన్నా తక్కువకి కొంటే, ఆ తేడా కొన్న ధరలో పది శాతం దాటితే, తేడా మొత్తాన్నీ కొన్నవాడి ఆదాయంగా చూసే నిబంధన ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. 46 లక్షలకి కొన్న ఫ్లాటు ప్రభుత్వ విలువ 52 లక్షలైతే ఆరు లక్షలు ఆదాయంలో కలుస్తాయి, 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి 1.8 లక్షలు, సెస్సు అదనం. పైన వేసిన లెక్కలో చివరికి మిగిలిన లక్షా ఇరవై రెండు వేలు దీనికే చాలవు. బ్యాంకు బహిరంగ వేలంలో పాడిన ధరే అసలు మార్కెట్ ధర కదా అని వాదించొచ్చు, వాదించేవాళ్లున్నారు, కానీ ముందు నోటీసు వస్తుంది, తర్వాతే వాదన. అలా పన్ను కట్టిన పక్షంలో తర్వాత అమ్మేటప్పుడు కొన్న ధరని 52గా చూపించుకునే వీలుంది, కాబట్టి మొత్తం పోయినట్టు కాదు. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి చూపడం) లేకుండా. రెండేళ్లలోపు అమ్మేస్తే మామూలు శ్లాబే. వేలంలో కొన్న ఫ్లాటు ఖాళీ చేయించి, రిపేర్లు చేయించి, మ్యుటేషన్ పూర్తయ్యేసరికి విశాఖలో ఎలాగూ ఆ రెండేళ్లు దగ్గర పడతాయి. ఇంకో నాలుగు నెలలు అద్దెకిచ్చి ఆగితే 30 శాతం శ్లాబులో ఉన్నవాడు కట్టాల్సిన పన్ను సగానికి పైగా తగ్గుతుంది.